ఏటికి ఆవలి చట్టము

1930వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన శారదా చట్టము బ్రిటిషు ఇండియాలో అమలులోనికి వచ్చెను. పదునాలుగేండ్లు నిండని బాలికకు గాని, పదునెనిమిదేండ్లు నిండని బాలునకు గాని వివాహము చేయుట శిక్షార్హమైన నేరమని అది శాసించినంతనే, గోదావరి జిల్లాలలోని పెక్కు కుటుంబముల పెద్దలు పంచాంగముతో పాటు దేశపటమును గూడ ముందు పెట్టుకొని ముహూర్తములు చూడ నారంభించిరి. చుట్టును బ్రిటిషు రాజ్యమే యైనను, నడుమనున్న చిన్న తెలుగు పట్టణమైన యానాము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను; శారదా చట్టము దాని పొలిమేర దాటి ఒక్క అడుగైనను వేయజాలదు. కాకినాడ వైపువారు బండ్లు కట్టించుకొనియు, కోనసీమవారు ఎదుర్లంక వద్ద గౌతమి దాటియు, పెండ్లికూతురిని చంకనెత్తుకొని యానాము చేరి, అచ్చట మూడు ముళ్లు వేయించి, మరల బ్రిటిషు గడ్డపైకి వచ్చి యథాప్రకారము సంసారములు సాగించుకొనెడివారు. ఆ రోజులలో యానామునకు కల్యాణపురమను పేరు వచ్చినది ఈ కారణముననే.

తులనాత్మక న్యాయశాస్త్రమను మాట ఆ పెండ్లిపెద్దలలో నొక్కరైనను విని యుండరు. అయినను ఒక రాజ్యమున నేరమైనది మరియొక రాజ్యమున శుభకార్యము కాగలదనియు, చట్టమనునది ఒక పొలిమేర వరకే పారు కాలువవంటిదనియు వారు స్వానుభవమున గ్రహించిరి. నేడు విశ్వవిద్యాలయములలో మనము పాఠ్యప్రణాళికలు వ్రాసి, ఆచార్యులను నియమించి, పరీక్షలు పెట్టి విద్యార్థుల తలకెక్కింప జూచుచున్న మొదటి పాఠము ఇదియే గదా! దుష్కార్యమునకు వినియోగపడినంత మాత్రమున ఆ పాఠము అసత్యము కాదు. దానిని ఎవరు, ఎవరి కొరకు, దేనిని చూడక విడిచిపెట్టి నేర్చిరను ప్రశ్న వేరు. ఆ ప్రశ్నకు కడపట మరల వత్తును.

మన విద్యాలయములలో సమాజములను, శాసనవ్యవస్థలను పోల్చి చూపు పద్ధతి ఎట్లున్నదో పరికింపుడు. పాఠశాలలో ఇతరుల సంస్కృతి యనగా నొక బొమ్మల పుట: జపానువారి కిమోనో, ఎస్కిమోల మంచుగుడిసె, మసాయిల పూసలు. కళాశాలకు వచ్చుసరికి అది పట్టికగా మారును. మన రాజ్యాంగమునకు పార్లమెంటరీ పద్ధతి బ్రిటను నుండి, ప్రాథమిక హక్కులు అమెరికా నుండి, ఆదేశిక సూత్రములు ఐర్లండు నుండి తెచ్చుకొంటిమని శెట్టికొట్టు పద్దువలె వ్రాసి కంఠస్థము చేయుదురు. ఐర్లండువారికి 1937లో తమ రాజ్యాంగమున అట్టి సూత్రములను చేర్చుకొనవలసిన అగత్యమెందుకు కలిగెనో, వానిని న్యాయస్థానములకు అందకుండ ఏల యుంచిరో అడుగువారు లేరు. అడిగినను దానికి మార్కులు లేవు. "భేదములు వ్రాయుము" అను ప్రశ్నకు ఎడమ ప్రక్క ఐదు వాక్యములు, కుడి ప్రక్క ఐదు వాక్యములు వ్రాసి నడుమ నిలువుగీత గీసివచ్చిన విద్యార్థికి ఆ గీత తప్ప మరేమియు మిగులదు. నేనును నా చదువుకాలమున అట్టి గీతలు చాల గీసితిని. వానికి మంచి మార్కులే వచ్చినవి.

నా అభిప్రాయమును సూటిగా చెప్పుదును. పోలికను ఒక వివాదముతో నేర్పవలెను. ఆ వివాదము విద్యార్థి ఇంటిలో ఇదివరకే నడచుచున్నదై యుండవలెను. దూరదేశముల ఆచారము వింతగా తోచుట ఎవరికైనను సులభమే, దానికి బడి అక్కరలేదు. తాను పుట్టి పెరిగిన ఇంటి కట్టుబాటును పరాయివాని కంటితో ఒక్కసారి చూచి ఉలికిపడిన విద్యార్థికే పరాయివాని కట్టుబాటును ఇంటివాని కంటితో చూచు ఓర్పు అలవడును. తెలుగు విద్యార్థి విషయమున ఇట్టి వివాదమును వెదకబోవలసిన పనిలేదు, మేనరికము కలదు.

తెలుగు పిల్లవాడు అక్షరాభ్యాసమునకు ముందే ఒక వివాహచట్టమును నేర్చియుండును. దాని పేరు వరుస. మేనమామ బిడ్డలును మేనత్త బిడ్డలును బావలు, మరదళ్లు, వదినెలు. పెదతండ్రి పినతండ్రుల బిడ్డలును, పెదతల్లి పినతల్లుల బిడ్డలును అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. రక్తమును కొలిచి చూచినచో వీరందరును సమానదూరమున నున్నవారే. అయినను మొదటివారితో పరిహాసమాడవచ్చును, పెండ్లియాడవచ్చును, ఆస్తి చేజారునను భయమున్నచో ఆడితీరవలెను గూడ. తక్కినవారి విషయమున ఆ తలంపే పాపము. ఏ శాసనసభయు ఈ చట్టమును చేయలేదు. భాషయే దానిని మోయుచు వచ్చినది. నేటి పట్టణములలోని పిల్లలు వీరందరిని కలిపి 'కజిన్' అనుట మొదలిడిన నాటినుండి, ఆ వేర్వేరు మాటలలో నిమిడియున్న శాసనము ఎవరును రద్దుచేయకయే రద్దగుచున్నది.

ఇట్టి పోలికలు పాశ్చాత్యుల వలన వచ్చిన విద్యయని ఎవరైన ననుకొనినచో వారికి బౌధాయన ధర్మసూత్రమును చూపవలెను. అందు దక్షిణదేశపు ఆచారములు ఐదును, ఉత్తరదేశపు ఆచారములు ఐదును వివాదాస్పదములుగా పేర్కొనబడినవి. ఉపనయనము కానివానితో కూర్చుండి భుజించుట, భార్యతో కూర్చుండి భుజించుట, చద్దియన్నము తినుట, మేనమామ కూతురిని పెండ్లాడుట, మేనత్త కూతురిని పెండ్లాడుట దాక్షిణాత్యుల వంతు. ఉన్ని అమ్ముట, మద్యము త్రాగుట, రెండు దవడలను పండ్లుగల జంతువులతో వ్యాపారము చేయుట, ఆయుధజీవనము, సముద్రయానము ఔత్తరాహుల వంతు. ఏ దేశపు ఆచారము ఆ దేశమున ప్రమాణమే గాని వేరొకచోట ఆచరించినచో దోషమను పక్షమును చెప్పి, గౌతముడు దాని నంగీకరింపలేదని గూడ ఆ సూత్రకారుడు దాచక చేర్చినాడు. చద్దియన్నమును మరదలిని ఒక్క పద్దులో వేసి మనలను ఇంత చక్కగా పట్టియిచ్చిన గ్రంథము మరియొకటి నాకు తెలియదు. ఇందు మరియొక వినోదము కలదు. తెలుగు బ్రాహ్మణులలో పెక్కుమంది ఆపస్తంబసూత్రులు. మాతృబంధువులకు కన్యనీయరాదని ఆ ఆపస్తంబుడే సూత్రించి యుండగా, ప్రవర చెప్పునప్పుడు ఆయన పేరు భక్తితో తలచుకొనుచునే తరతరములుగా మేనమామలకు పిల్లనిచ్చుచు వచ్చిరి.

గ్రంథమునకును వాడుకకును నడుమనున్న ఈ యెడమును విద్యార్థి ఇచ్చటనే, తన ముత్తాతల కాపురమునందే, కన్నులార చూడగలడు. 1772లో వారన్ హేస్టింగ్సు హిందువుల వివాదములను శాస్త్రము ననుసరించియు, ముస్లిముల వివాదములను ఖురాను ననుసరించియు తీర్పవలెనని యేర్పాటు చేసినపుడు, ఆ యెడము సంగతి ఆయనకు తెలియదు. గ్రంథమును తెరచినచో ప్రజలు కనబడుదురని అనుకొనెను. న్యాయస్థానములు చాలకాలము గ్రంథము నడిగి, తుదకు 1868లో మద్రాసు రాజధాని నుండి వచ్చిన రామనాథపురము వ్యాజ్యమున, స్పష్టముగా నిరూపింపబడిన ఆచారము గ్రంథవాక్యమును మించునని ప్రీవీ కౌన్సిలు ఒప్పుకొనవలసి వచ్చెను.

మన పాఠమునకు అంతదూరమేగుట గూడ అనవసరమే. కర్నూలులోనో, గుంటూరులోనో ఒక వీధి చాలును. ఆ వీధిలోని ముస్లిము కుటుంబమున చిన్నాన్న కూతురిని వివాహమాడవచ్చును. ప్రక్కయింటి హిందువునకు ఆమె చెల్లెలు. ఆ హిందువే అక్క కూతురిని వివాహమాడినచో వీధివారందరును భోజనమునకు వత్తురు. ముస్లిమునకు అది ఖురాను పేరుపెట్టి నిషేధించిన సంబంధము. మూడవ యింటి కతోలిక కుటుంబమువారు మేనరికము చేయదలచినచో ముందుగా చర్చి అధికారుల మినహాయింపు పొందవలెను. ముగ్గురును ఒక్క కుళాయి నీరు త్రాగుచు, ఒక్క రేషను దుకాణము ముందు నిలుచుచు, మూడు వేర్వేరు నిషేధముల నడుమ కాపురము చేయుచున్నారు. ఒకరి నిషేధము మరియొకరికి నవ్వు పుట్టించును. విద్యార్థులను ఆ వీధికి పంపి, ఎవరు ఎవరిని పెండ్లాడరాదో అడిగి వ్రాసికొని రమ్మనవలెను. ఎందుకని మాత్రము మొదటిరోజు అడుగనీయరాదు. ఎందుకని అడిగినంతనే మనుష్యులు తాము నమ్మని కారణములను గూడ అప్పటికప్పుడు కల్పించి చెప్పుదురు.

ఆ పిమ్మట ఇంగ్లండునకు పోవచ్చును. చార్లెస్ డార్విన్ 1839లో ఎమ్మా వెజ్‌వుడ్‌ను వివాహమాడెను. ఆమె ఆయన మేనమామ కూతురు. తెనాలిలోనైనచో ఈ వార్త విని ఎవరును తలయెత్తి చూడరు. తన బిడ్డల అనారోగ్యమునకు ఈ రక్తసంబంధమే కారణమేమో యని ఆయన చిరకాలము బాధపడి, 1871 జనాభా లెక్కలలో ఇట్టి వివాహములను గూర్చిన ప్రశ్నను చేర్పింప యత్నించి విఫలుడయ్యెను. ఆయన కుమారుడు జార్జి 1875లో ఆ విషయముననే పరిశోధన ప్రకటించెను. మేనరికమును అనుమతించిన ఆ ఇంగ్లండే, భార్య మరణించినవాడు ఆమె సోదరిని వివాహమాడుటను 1907వ సంవత్సరము వరకు ఒప్పుకొనలేదు. తల్లి పోయిన పిల్లలను పరాయిదాని చేతిలో పెట్టలేక మరదలినిచ్చి ఇల్లు నిలబెట్టుట మన పల్లెలలో పెద్దమనుష్యులు మెచ్చుకొను పని. భార్యాభర్తలు ఏకశరీరులు గనుక ఆమె సోదరి ఇతనికిని సోదరియే యగునని వారి చర్చి వాదము. చిత్రమేమనగా ఆ వాదమున మొదటి సగము మనకు కొత్తది గాదు. అర్ధాంగి యనుచునే మనము ఆమె చెల్లెలిని పెండ్లాడితిమి. ఒక్క భావన నుండి రెండు సమాజములు రెండు విరుద్ధములైన శాసనముల నెట్లు సాధించెను? నేను ఉపాధ్యాయుడనైనచో ఈ యొక్క ప్రశ్నపై ఒక వారము గడుపుదును. పట్టికకు ఇందులో చోటు లేదు.

కొరియా సంగతి మనవారికి మరింత దగ్గరిది. ఒకే ఇంటిపేరును, దానికి ఒకే మూలస్థానమును గలవారు పరస్పరము వివాహమాడరాదని దక్షిణకొరియా పౌరస్మృతిలోని 809వ అధికరణము శాసించెను. మూలపురుషుడు వేయేండ్ల వెనుకటివాడైనను సరే. గిమ్‌హే మూలస్థానముగా గల కిమ్ ఇంటిపేరువారే లక్షలాదిగా నున్న ఆ దేశమున, ప్రేమించిన పిమ్మట వంశావళిని తెరచి చూచి దిగులుపడిన జంటలకు కొదవలేదు. ప్రభుత్వము నడుమనడుమ ఒక్కొక్క యేడు తలుపు తెరచి, అట్టి దంపతులను నమోదు చేసికొని, మరల గడియ వేసెడిది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధము రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పగా, 2005లో స్మృతిని సవరించిరి. ఇంటిపేర్లు కలిసినచో అన్నాచెల్లెండ్ర వరుసయని వచ్చిన సంబంధమును వచ్చినట్లే త్రిప్పిపంపు తెలుగువారికి ఆ జంటల కష్టము వేరుగా వివరింప వలెనా? సగోత్రవివాహము చెల్లునని మనకును 1946లో శాసనము వచ్చెను. గోత్రమడుగుట మాత్రము నేటికిని మానలేదు. అయితే ఆ కొరియావారే ఎనిమిదవ శ్రేణి వరకు గల రక్తబంధువుల వివాహమును నిషేధించుచున్నారు గనుక, మన మేనరికము వారి కన్నులకు ఏ రూపమున కనబడునో విద్యార్థి ఊహించి వ్రాయవలెను. చైనా యందు 1950 నాటి వివాహచట్టము దగ్గరి దాయాది, మేనరిక సంబంధములను ఆచారమునకు విడిచిపెట్టగా, 1980 నాటి చట్టము వానిని నిషేధించెను. ముప్పదియేండ్లలో ఆచారము నేరుగా నిషేధమైన వృత్తాంతమది.

సముద్రములు దాటి స్థిరపడిన తెలుగువారికి ఇది పుస్తకపు ముచ్చట కాదు. మేనరికము కాలిఫోర్నియాలో చెల్లును. టెక్సాసులో 2005 నుండి నిషిద్ధము. డల్లాసులో పెరిగిన పిల్ల తన అమ్మమ్మయు తాతయ్యయు మేనబావ మరదళ్లని విని నివ్వెరపోవును. ఇచ్చట తెనాలిలో అమ్మమ్మ ఆ నివ్వెరపాటును చూచి తాను నివ్వెరపోవును. అమెరికాలోనే రోడ్ ఐలండ్ రాష్ట్రపు చట్టము నిషిద్ధబంధుత్వములను పేర్కొని, యూదులు తమ మతము అనుమతించిన బంధుత్వములలో చేసికొను వివాహములకు ఆ నిషేధము వర్తింపదని మినహాయింపు వ్రాసికొన్నది. మేనమామ మేనకోడలిని వివాహమాడుట యూదుల ధర్మమున చెల్లును. ఇరుపక్షముల ఆచారము అనుమతించిననే తప్ప కూడదని మన 1955 నాటి హిందూ వివాహ చట్టపు 5వ విభాగము వ్రాసిన మినహాయింపు దీనికి తోబుట్టువు. 'మతమునకు మినహాయింపు ఇచ్చు వెనుకబడిన దేశములు, అందరికి ఒక్క చట్టమున్న ముందుబడిన దేశములు' అని లోకమును రెండు గదులుగా చేసికొన్న విద్యార్థికి ఈ చిన్న రాష్ట్రము మంచి మందు.

ఇక నాక్షేపణలు. ఎవరి ఆచారము వారికి మంచిదే యను ఉదాసీనత ఈ చదువు వలన అలవడునని కొందరి భయము. ఆ భయము నిరాధారము కాదు. రక్తసంబంధీకుల సంతానమునకు కొన్ని వంశానుగత వ్యాధుల భయము హెచ్చని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. మేనమామ మేనకోడలి సంబంధమున అది మరింత హెచ్చు. పోలిక నేర్పు ఉపాధ్యాయుడు ఈ మాటను ఆచారగౌరవము పేర మ్రింగివేయరాదు. తరగతిలోని సగముమంది తల్లిదండ్రులు మేనరికపువారే యైనను మ్రింగరాదు. కాని ఇంతకంటె నాకు హెచ్చు భయము కలిగించునది నిచ్చెన. హెన్రీ మెయిన్ 1861లో ప్రాచీన న్యాయమును గూర్చి తన ప్రసిద్ధగ్రంథమును ప్రకటించి, మరుసటి యేడు ఇండియా ప్రభుత్వమున న్యాయసభ్యుడుగా వచ్చి, యూరపు గడచి వచ్చిన గతమును ఇచ్చటి పల్లెలలో సజీవముగా చూచుచున్నానని భావించెను. ఆయన నిచ్చెనలో మనము క్రింది మెట్టు. మనవారు కొందరు దానికి కోపించి చేసినదేమనగా, ఆ నిచ్చెననే తలక్రిందులు చేసి, మన స్మృతులను పైమెట్టున కూర్చుండబెట్టిరి. నిచ్చెన మాత్రము నిచ్చెనగానే యున్నది. తరగతిలో ఎవరైన "అప్పుడే మనవారు చెప్పినారు" అనిన మరుక్షణమున పోలిక ఆగిపోయి ఊరేగింపు మొదలగును.

భాషను గూర్చి ఒక మాట. తిక్కనకు సమకాలికుడైన మూలఘటిక కేతన, కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను పదుమూడవ శతాబ్దముననే తెలుగు పద్యములలోనికి దెచ్చెను. అప్పులు, వడ్డీలు, సాక్షులు, దాయభాగములు తెలుగు ఛందస్సులో ఒదిగినవి. ఏడు వందల యేండ్ల తరువాత తెలుగు మాధ్యమమున చదివి న్యాయకళాశాలకు వచ్చిన విద్యార్థికి కొరియా తీర్పును, ఫ్రెంచి స్మృతిని తెలుగున చదువుకొను వీలు లేదు. ఇంగ్లీషులో నలిగిన సారాంశపు సారాంశము మాత్రము బజారు గైడులలో దొరకును. ఇరువది విదేశీ తీర్పులను, పది స్మృతిభాగములను మంచి తెలుగున అనువదింపజేయుట ఏ విశ్వవిద్యాలయమునకును మోయలేని ఖర్చు కాదు. అనువదించువానికి 'కజిన్' అను మాట వచ్చినచోట కలము ఆగిపోవును. అట్లు ఆగిన చోటనే తరగతికి ఒక పాఠము సిద్ధము.

యానామునకు తిరిగి వత్తును. ఏటికి ఆవలి చట్టము మెత్తనిదని పెండ్లివారు నమ్మిరి. వాస్తవమునకు 1804 నాటి ఫ్రెంచి పౌరస్మృతి పదునైదేండ్లు నిండని బాలిక వివాహమాడరాదని చెప్పుచుండెను. శారదా చట్టపు పదునాలుగు కంటె ఒక యేడు హెచ్చు. కాని ఫ్రెంచివారు 1819లోనే, ఇచ్చటి ప్రజలకు వారి వారి కులముల ఆచారములనే వర్తింపజేయుదుమని మాట యిచ్చి యుండిరి. 1881 తరువాత తమ ఆచారమును తామే వదలుకొని స్మృతిని కోరుకొన్నవారికి మాత్రమే అది వర్తించెను. ఆ వధువునకు శారదా చట్టము పొలిమేర వలన అందలేదు. ఫ్రెంచి స్మృతి ఆచారగౌరవము వలన అందలేదు. ఒకవేళ ఆ పెండ్లి కాకినాడలోనే జరిగినను, చేయించినవారికి శిక్ష పడును గాని వివాహము రద్దు కాదు. శారదా చట్టపు నిర్మాణమే అట్టిది. పెండ్లిపెద్దలు చేసిన పోలికలో రెండు రాజ్యములున్నవి, రెండు శిక్షాస్మృతులున్నవి, బండికిరాయి గూడ ఉన్నది. పిల్ల మాత్రము లేదు.

నా చేతికి ప్రశ్నపత్రము వచ్చినచో ఒక్క ప్రశ్న ఇచ్చి మూడు గంటల కాలమిత్తును. 1931వ సంవత్సరమున పన్నెండేండ్ల బాలికకు యానామున వివాహమైనది. ఏటికి ఈవల ఒక న్యాయాధిపతివి, ఆవల ఒక న్యాయాధిపతివి నీవే యనుకొని, రెండు స్మృతులను, ఇరుపక్షముల ఆచారమును విచారించి రెండు తీర్పులు వ్రాయుము. రెండింటిని ఆ బాలికకు చదివి వినిపింపవలసి యున్నది గనుక, ఆమెకు తెలియు తెలుగున వ్రాయుము.